నేను ఆపిన ఆరు ఉత్తర్వులు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నేను ఎక్కడ కనబడినా అడిగేది ఒకటే. పాత పింఛను మంచిదా, కొత్తది మంచిదా అని. పాత పింఛను తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి నా జవాబు ముందే తెలుసన్నట్టు ఒక నవ్వు కూడా నవ్వుతారు. నాకు మాత్రం ఒక్క ముక్కలో చెప్పడం చేతకాదు. అందుకే నా ఉద్యోగంలో చివరి పదకొండు రోజుల్లో ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. నేను ముప్పై ఆరేళ్ళు నెల్లూరు జిల్లాలోనే, ఆరోగ్యశాఖ ఆఫీసుల్లో, గుమాస్తాగా మొదలై సూపరింటెండెంటు దాకా వచ్చినవాణ్ణి. మా పనిలో గుండె దడదడలాడే సందర్భాలు తక్కువ. కానీ ఆ పదకొండు రోజులూ నేను ఆఫీసు మెట్లు ఎక్కలేదు, పరుగెత్తాను. అప్పుడు నా వయసు అరవై రెండు.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. పాత పద్ధతిలో, రిటైరయిన ఉద్యోగికి చివరి జీతాన్ని బట్టి ప్రతి నెలా ఇంతని ప్రభుత్వమే ఇస్తుంది, బతికున్నన్నాళ్ళూ ఇస్తుంది. కొత్త పద్ధతిలో అట్లా మాట ఇచ్చేవాడు ఉండడు. ప్రతి నెలా జీతంలో కొంత కోస్తారు, ప్రభుత్వం కొంత కలుపుతుంది, ఆ మొత్తాన్ని కంపెనీలు మార్కెట్టులో పెడతాయి. చివరికి అది ఎంతయితే అంతలోంచే మనకు పింఛను. ఒకానొక నెల ఒకటో తారీఖు నుంచి చేరినవాళ్ళందరికీ కొత్తదే అన్నారు. ముప్పయ్యో తారీఖున చేరినవాడికి ఒక రకం ముసలితనం, రెండు రోజులు ఆగి చేరినవాడికి ఇంకో రకం ముసలితనం.

ఆ ఒకటో తారీఖుకు ఐదు రోజుల ముందు, ఆరుగురు ఆడవాళ్ళ నియామకపు ఉత్తర్వులు నా బల్ల మీదికి వచ్చాయి.

అప్పట్లో నేను ఉత్తరాలు పంపే సీటులో ఉన్న జూనియర్ అసిస్టెంటును. ఆ ఆరుగురూ తీరప్రాంతపు పల్లెల్లో ఆరోగ్య ఉపకేంద్రాలకు ఎంపికైన నర్సులు. రాత పరీక్ష, ఎంపిక, సర్టిఫికెట్ల తనిఖీ అన్నీ అంతకు ఏడాది ముందే అయిపోయాయి. అధికారి సంతకం పెట్టేశారు. నేను చేయవలసిందల్లా ఆరుగురికీ కబురు చేసి, పిలిచి, కాగితం చేతిలో పెట్టి, పుస్తకంలో సంతకం తీసుకోవడం. ఒక్క పూట పని.

ఆ మధ్యాహ్నం ఒకామె వచ్చింది. కోట అనే ఊరి దగ్గర, సముద్రపు ఒడ్డు పల్లె వాళ్ళది, చేపలు పట్టి బతికే కుటుంబం. ఎంపికైనవాళ్ళలో ఒక అమ్మాయికి తల్లి. ఉత్తర్వు వచ్చిందని ఎవరో చెబితే బస్సెక్కి వచ్చింది, కూతురికి తెలియకుండా. నా బల్ల ముందు కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యా, ఈ నాలుగు దినాలు బాగలేవంట. అమావాస్య పొయినాక బేస్తవారం ఇస్తే నా బిడ్డ నిలబడతాది" అనింది.

ఆమె భర్త అమావాస్య నాడే సముద్రం మీదికి పోయి తిరిగి రాలేదని కూడా చెప్పింది. నేను ఇంకేం మాట్లాడగలను? ఒక ముక్క నిజం కూడా ఒప్పుకోవాలి. గుమాస్తా అయ్యాక మొదటిసారి ఒక మనిషి జీవితంలో మంచి రోజు ఏదో నిర్ణయించే అధికారం నా చేతికి వచ్చినట్టనిపించి నాకు కొంచెం గొప్పగా కూడా ఉండింది. సరేనమ్మా అన్నాను. ఆమెది ఒక్కటే ఆపి మిగతా ఐదూ పంపిద్దామనుకున్నాను. మళ్ళీ, మంచి రోజు ఎవరికైనా మంచిదే కదా అని ఆరింటినీ కలిపి కవరులో పెట్టి సొరుగులో వేశాను. అడిగిన నాథుడు లేడు. మా ఆఫీసులో ఆలస్యానికి కారణం అడగడం అప్పటికింకా అలవాటు కాలేదు.

ఆ బేస్తవారం ఒకటో తారీఖు దాటాక పడింది. ఆరుగురూ కొత్త చీరలు కట్టుకుని వచ్చారు, సంతకాలు పెట్టారు. మా సెక్షనంతా మలైకాజా తిన్నది. నేను రెండు తిన్నాను.

ఆ తర్వాతి వారం కొత్త పింఛను సర్క్యులరు వచ్చింది. దానికి నంబరు వేసి అకౌంట్సుకు పంపింది నేనే. చదవలేదు. ఉత్తరాల సీటులో కూర్చున్నవాడు నంబరు వేస్తాడు, చదవడు. కొన్ని నెలల తర్వాత ఆ కోట అమ్మాయి జీతం చీటీ తెచ్చి, అన్నా, ఇందులో ఈ కోత ఏంది, పక్క సెంటర్ అక్కకు లేదే అని అడిగింది. చీటీ చూశాను. చేరిన తేదీ చూశాను. అప్పుడు అర్థమైంది.  కనుక్కుని చెబుతానమ్మా అన్నాను.

దాదాపు ఇరవై ఏళ్ళు కనుక్కుంటూనే ఉన్నాను.

ఆ అమ్మాయి నాకు చేసిన అన్యాయం ఏమిటంటే, కృతజ్ఞత. ఉద్యోగం కుదురుకున్నాక వాళ్ళమ్మ అసలు సంగతిలో సగం చెప్పిందట, గుమాస్తా అన్న మంచి రోజు చూసి ఇచ్చాడని. తాను అడిగిందని, ఉత్తర్వు అప్పటికే సిద్ధమై ఆగి ఉందని మాత్రం చెప్పలేదు. ఆ అమ్మాయికి రోజుల మీద నమ్మకం లేదు. అయినా నెల్లూరుకు మీటింగుకు వచ్చినప్పుడల్లా నా సీటు దగ్గర ఆగి, మీ చెయ్యి మంచిదన్నా అనేది. నేను ఫైలు వెతుక్కుంటున్నట్టు వంగేవాణ్ణి.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె కొత్త పింఛను వద్దనే ఉద్యోగులకు జిల్లాలో పెద్ద గొంతు అయింది. సభల్లో మైకు లేకపోయినా చివరి వరుస దాకా వినపడేది. ఆమెకు సరైన జోడీ మా అకౌంట్సు గుమాస్తా. అతను ఆమెకంటే రెండేళ్ళు చిన్న, అతనిదీ కొత్త పింఛనే, కానీ అదే మంచిదని వాదించేవాడు. నెలాఖరు మీటింగు రోజున భోజనాల వేళ మా ఆఫీసు వరండాలో ఇద్దరికీ మొదలయ్యేది. మిగతావాళ్ళం క్యారియర్లు విప్పి చుట్టూ కూర్చునేవాళ్ళం. నిజంగా చెబుతున్నాను, నెల్లూరులో అంత మంచి చర్చ ఏ హాల్లోనూ వినలేదు.

అతను ఫోను తీసి తన ఖాతా చూపించేవాడు. ఇది నా పేరున ఉంది, ఎంత పెరిగిందో రోజూ చూసుకుంటున్నాను, పాత పింఛనుకు ఖాతా ఏది, ముప్పై ఏళ్ళ తర్వాత ఉండే ప్రభుత్వం ఇస్తుందని నమ్మడం తప్ప అనేవాడు. ఉద్యోగం లేనివాళ్ళ మీద పన్నులేసి మనకు పింఛను ఇవ్వమనడం న్యాయమా అని కూడా అడిగేవాడు. ఆ ప్రశ్నకు వరండా అంతా తల వంచుకుని అన్నం కలుపుకునేది.

ఆమె తొందరపడేది కాదు. చెయ్యి కడుక్కుని వచ్చి అప్పుడు చెప్పేది. "తుపాను దినం మోకాళ్ళ లోతు నీళ్ళల్లో పొయ్యి కాన్పు చేసొచ్చినా. ఆ దినం నేను చేసిన పనికి ముసలితనంలో ఎంత ఇయ్యాలో షేర్ల బజారు చెప్పాల్నా?"

నేను ఎవరి పక్షమూ తీసుకునేవాణ్ణి కాదు. తటస్థుడని నాకు మంచి పేరు. తటస్థత కాదది, భయం. నోరు తెరిస్తే ఎక్కడికి పోతుందోనని.

ఇంటి దగ్గరా ఇదే గొడవ. మా అన్న కొడవలూరులో వరి పండిస్తాడు. పుట్టి వడ్ల రేటు పడిపోయిన ప్రతి సంవత్సరం నా పింఛను ఆయనకు గుర్తొచ్చేది. నలభై ఏళ్ళు బురదలో నిలబడినవాడికి ఏ ఆఫీసూ పింఛను కాగితం ఇవ్వదు, నువ్వు ఫ్యాను కింద కూర్చున్నందుకు ఇస్తారు అని దెప్పేవాడు. ఆ మాట తప్పని నేను ఎప్పుడూ అనలేకపోయాను.

ఇట్లా ఉండగా, నా రిటైర్మెంటు నెలలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఆ ఒకటో తారీఖుకు ముందే ఎంపిక పూర్తయి, తమ తప్పు లేకుండా ఆలస్యంగా చేరినవాళ్ళు కోరుకుంటే పాత పింఛనుకు మారవచ్చు. అయితే ఆలస్యం అభ్యర్థి వల్ల కాదని, ఆఫీసు వల్లనేనని ఆధారాలతో ధ్రువీకరించాలి. నెలాఖరులోగా. ఆరుగురూ ఒక్కసారిగా మా ఆఫీసుకు వచ్చారు. వాళ్ళల్లో పెద్దామె నలభై దాటాక ఉద్యోగంలో చేరిన మనిషి, భర్త లేడు, మరుసటి సంవత్సరమే రిటైర్మెంటు. కొత్త పద్ధతిలో ఆమెకు నెలకు వచ్చేది ఇంటి అద్దెకు కూడా చాలదని అకౌంట్సు గుమాస్తానే లెక్కగట్టి, మొహం పక్కకు తిప్పుకుని చెప్పాడు. ఆమె చీర కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

మా ఆఫీసరు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, అందరం మేడం అనేవాళ్ళం. ఫైలు తెరిచి ఆమె అడిగిన మొదటి ప్రశ్నే అసలు ప్రశ్న. సంతకం ఫలానా రోజు అయింది, అందజేసింది ఒకటో తారీఖు దాటాక. మధ్యలో ఈ ఉత్తర్వులు ఎక్కడున్నాయి?

గదిలో తలా ఒక మాట అన్నారు. పోస్టు ఆలస్యం అయ్యుంటుందని ఒకరు, వానలని ఒకరు. అకౌంట్సు గుమాస్తా 'పరిపాలనా కారణాల వల్ల' అని రాసి పంపిద్దాం అన్నాడు. అట్లాగే పంపించాం. రెండో రోజే తిరిగి వచ్చింది. ఎవరి దగ్గర ఆగాయో, ఎందుకు ఆగాయో రాయనిదే పరిశీలించం అని ఎర్ర సిరాతో రాసి ఉంది. వారం తర్వాత పై అధికారి నెల్లూరులోనే కూర్చుని ఫైళ్ళన్నీ ఒక్క రోజులో తేలుస్తారట. ఆ రోజు దాటితే ఇక లేదు.

మేడం నావైపు చూసి, పాత రికార్డు గదిలో అందజేత పుస్తకం ఏమైనా దొరుకుతుందేమో చూడమన్నారు. వరదనీళ్ళు వచ్చినప్పుడు సగం పోయాయి కదా, పోయుంటే పోయిందని రాసేద్దాం అని కూడా అన్నారు.

ఆ పుస్తకం కోసం నేను వెతకాల్సిన పని లేదు. కిటికీ వైపు మూడో అర, కింద నుంచి రెండో కట్ట. ఎన్ని బదిలీలు తిరిగినా నెల్లూరుకు వచ్చినప్పుడల్లా దాన్నొకసారి చూసి వెళ్ళేవాణ్ణి. వరద వచ్చినప్పుడు ఆ కట్టను పై అరలోకి ఎత్తిపెట్టింది కూడా నేనే. ఎందుకు ఎత్తానో అప్పుడు నన్నడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. ఆ రోజు రికార్డు గదిలో నిలబడి పేజీ తిప్పాను. నా చేతిరాత. ఆరు సంతకాలు. పుస్తకం పోయిందని ఒక్క మాట రాస్తే నేను బయటపడతాను, వాళ్ళు ఆరుగురూ అక్కడే మునుగుతారు.  పుస్తకం చొక్కా లోపల పెట్టుకుని, దొంగలా, నా సొంత సీటు దగ్గరికి వచ్చాను.

అకౌంట్సు గుమాస్తా నా మొహం చూసి తలుపు మూశాడు. అంతా చెప్పాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఒక మనిషికి. అతను కలం మూత పెట్టి అంతా విన్నాడు. తర్వాత చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

"ఇది రాసిస్తే రిటైరయ్యేలోపల మీకు మెమో వస్తాది సార్. గ్రాట్యుటీ ఆగిపోతాది, పింఛను తాత్కాలికం చేస్తారు. గట్టిది గట్టిది అంటారే మీ పాత పింఛను, ఒక్క సంతకంతో ఆగిపోతాది. అదే నా ఖాతా అయితే ఎవురూ ముట్టుకోలేరు. మీది నాలాంటిదయ్యుంటే ఈ నిజం మీరు ఎప్పుడో చెప్పుండేవాళ్ళు."

అతను కావాలని గుచ్చలేదు. కానీ నిజం. ఇరవై ఏళ్ళుగా నా నోరు మూసింది ఆ పింఛనే. మీరు అడిగే ప్రశ్నలో ఇది కూడా కలుపుకోండి, పిల్లలూ.

ఆదివారం కొడవలూరు వెళ్ళాను. అన్న నాట్లు వేసిన మడికి నీళ్ళు తిప్పుతున్నాడు. గట్టు మీద నడుస్తూ ఈ సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, ఇన్నేళ్ళకు నా పింఛనూ ఊగులాడుతోందని. ఆయన పార గట్టున గుచ్చి నిలబడ్డాడు.

"నాకు పింఛన్ ల్యాకపోయినా బతికినా గదరా. నీకు అది కొన్నాళ్ళు ఆగితే ఏమైతాది? బియ్యం నేనిస్తా. ఆ ఆడబిడ్డలది చూడు."

అంతే అన్నాడు, మళ్ళీ పార తీసుకున్నాడు. నేను గట్టు దిగి బస్టాండు దాకా ఎట్లా నడిచానో తెలియదు. ఒళ్ళంతా తేలికైపోయింది. రెండు మెతుకులు తిని పొమ్మని వదిన పిలుస్తున్నా ఆగలేదు.

ముందు ఆ కోట అమ్మాయికి చెప్పాలి. సోమవారం సెలవు పెట్టి బస్సెక్కాను. గూడూరు దాటి, కోట దాటి, రొయ్యల గుంటల మధ్య రోడ్డు. గుంటల్లో గాలి కోసం తిప్పే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. సరుగుడు తోటలు దాటితే వాళ్ళ పల్లె. ఉపకేంద్రం వరండాలో బిడ్డలకు టీకాలు వేస్తోంది. ముగిసేదాకా బెంచీ మీద కూర్చున్నాను. నేను వచ్చిన సంగతి తెలిసి ఇంటి నుంచి వాళ్ళమ్మ కూడా వచ్చింది, డెబ్బై దాటిన మనిషి, వెన్ను వంగింది, చూపు మాత్రం అప్పటిదే.

ఇద్దరికీ ఒకేసారి చెప్పాను. ఉత్తర్వులు ఎవరి సొరుగులో ఉన్నాయో, ఎవరు అడిగితే ఆపానో, ఎప్పటి నుంచి నాకు ఈ సంగతి తెలుసో. చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి సిరంజీల పెట్టె మూత పట్టుకుని నిలబడింది. నాకు ఎన్నిసార్లు మీ చెయ్యి మంచిదని చెప్పిందో ఆమెకూ గుర్తొచ్చి ఉంటుంది.

"ఎట్టా చెప్పకుండా ఉండగలిగినావన్నా?" అనింది చివరికి. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

తల్లి మాత్రం నా వైపు తిరిగి, నేను అడిగితే ఆపేదా, ఆఫీసులో కూర్చున్నోడివి నీకు తెలియొద్దా అని నిలదీసింది. వెంటనే గోడకు ఆనుకుని కూలబడి, ఆరుగురు బిడ్డల నోట్లో మట్టి కొట్టినానే అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కూతురు పక్కన కూర్చుని ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

అసలు చిక్కు అప్పుడు చెప్పాను. మిగతా ఐదుగురి ఆలస్యం పూర్తిగా నాది. ఈ అమ్మాయిది మాత్రం ఇంటివాళ్ళు అడిగితే జరిగిన ఆలస్యం. నేను ఉన్నదున్నట్టు రాస్తే పై అధికారి ఐదింటికి ఒప్పుకుని ఆరోది కొట్టెయ్యొచ్చు. తల్లి మాట వదిలేసి నా నిర్లక్ష్యమని రాస్తే ఆరూ నిలబడతాయి. ఎవరికీ తెలియదు.

ఆమె ఆలోచించడానికి అరనిమిషం కూడా తీసుకోలేదు. "అమ్మ మాట కూడా రాయండన్నా. వేదికెక్కి ప్రభుత్వాన్ని నిజం చెప్పమని అడిగేదాన్ని నేను. నా కాగితంలో అబద్ధం ఉంటే నాకేం గొంతు లేస్తాది?"

తిరుగు బస్సులో కూర్చుని మోకాలి మీద కాగితం పెట్టుకుని నా వాంగ్మూలం రాశాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆఫీసులో మళ్ళీ శుభ్రంగా రాశాను. మేడం రెండుసార్లు చదివారు. మూడు రోజులాగితే మీరు రిటైరవుతారు, తర్వాత ఇచ్చినా చాలేమో అన్నారు. విచారణ రేపే కదా మేడం అన్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వాంగ్మూలాన్ని ఫైల్లో చేర్చారు.

విచారణ రోజు. నెల్లూరులో పై ఆఫీసు హాలు. వేరే ఆఫీసుల ఫైళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పిలుస్తున్నారు. 'పరిపాలనా కారణాలు' అన్నవన్నీ తిరిగి వస్తున్నాయి. ఒక్కో ఫైలు తిరిగి వచ్చినప్పుడల్లా బయట వరండాలో ఎవరో ఒకరు గోడ వైపు తిరుగుతున్నారు. మా ఆరుగురూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. అకౌంట్సు గుమాస్తా సెలవు పెట్టి మరీ వచ్చాడు, చంకలో మా కాగితాల నకళ్ళన్నీ వరుసగా అమర్చుకుని. కొత్త పింఛనే మంచిదనేవాడివి, నీకెందుకయ్యా ఈ తాపత్రయం అంటే, ఏది కావాలో ఎంచుకునే హక్కు వాళ్ళకుండాలి కద సార్ అన్నాడు.

మా వంతు వచ్చింది. పై అధికారి తలెత్తకుండా అడిగాడు, ఉత్తర్వులు ఎవరి దగ్గర ఆగాయని.

"నా దగ్గర సార్" అన్నాను.

అప్పుడు తలెత్తాడు. పొద్దున్నుంచి ఆ హాల్లో ఎవరూ ఆ మాట అనలేదు. పుస్తకం ముందు పెట్టాను. వాంగ్మూలం చదివాడు. చదువుతూ ఒక చోట ఆగి, ఆ కోట అమ్మాయిని లోపలికి పిలిచి, అయితే ఆలస్యం మీరు కోరుకున్నదే కదా అన్నాడు. ఆమె, మొన్నటిదాకా నాకు తెలియదు సార్ అనింది. నమ్మేదెట్లా అన్నట్టు ఆయన కలం పక్కన పెట్టాడు. 

తలుపు దగ్గర కలకలం. ప్యూన్ చెయ్యి అడ్డం పెట్టినా తప్పించుకుని వాళ్ళమ్మ లోపలికి వచ్చేసింది. ఎవరూ పిలవలేదు. ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

"బిడ్డకు తెలవదు సామీ. చెప్తే పోనిచ్చేది కాదు, దానికి దినాల మీద నమ్మకం లేదు. నేనే పొయ్యి ఆయన్ని అడిగినా. శిక్ష ఏందో నాకెయ్యి" అనింది.

పై అధికారి ఆమెను కూర్చోమన్నాడు. నా వైపు తిరిగి వరుసగా అడిగాడు. ఈమె అభ్యర్థా? కాదు సార్. అభ్యర్థి నోటితో గానీ రాతతో గానీ అడిగిందా? లేదు సార్. బయటి మనిషి అడిగితే ఉత్తర్వు ఆపమని ఏ నియమంలో ఉంది? ఎందులోనూ లేదు సార్. మరి మిగతా ఐదూ ఎందుకు ఆపారు?

"మంచి రోజు అందరికీ మంచిదే అనుకున్నాను సార్" అన్నాను.

వెనక బెంచీలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. పై అధికారి నవ్వలేదు. చాలాసేపు రాశాడు. కలం కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు ఆ పెద్ద హాల్లో అందరికీ వినబడింది. తర్వాత పైకి చదివాడు. ఆరుగురి విషయంలోనూ జాప్యానికి పూర్తి బాధ్యత కార్యాలయానిది, అభ్యర్థులకు సంబంధం లేదు, పాత పింఛనుకు అర్హులు. కాగితం మడిచి నాకిస్తూ, మీ మీద చర్య తప్పదు, తెలుసు కదా అన్నాడు. తెలుసు సార్ అన్నాను. ఆ 'తెలుసు సార్' అన్నప్పుడు నేను నవ్వుతున్నానని అకౌంట్సు గుమాస్తా తర్వాత చెప్పాడు.

తలుపు దాటి వరండాలోకి వచ్చాను. ఆరు వేళ్ళు చూపించాను. బెంచీ మీద ఉన్నవాళ్ళు లేచిన ఊపుకు ఆ బెంచీ వెనక్కి పడింది. పెద్దామె మాత్రం లేవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నిజమేనా అన్నా, నిజమేనా అని అడుగుతూనే ఉంది. ఆ కోట అమ్మాయి నా దగ్గరికి వచ్చి నిలబడి, మీ మీద నాకు కోపం పోలేదన్నా అనింది. పోకూడదమ్మా అన్నాను. తర్వాత వాళ్ళమ్మను నడిపించుకుంటూ పోయి అందరికీ టీలు చెప్పింది. నాకూ చెప్పింది.

నా ఆఖరి పనిదినాన మధ్యాహ్నం మేడం లోపలికి పిలిచి మెమో చేతికిచ్చారు. ముందు సంతకం పెట్టండి, తర్వాత సన్మానానికి పోదాం అన్నారు. పెట్టాను. గంట తర్వాత అదే మేడం నా మెడలో దండ వేశారు. అకౌంట్సు గుమాస్తా ఉపన్యాసం ఇస్తూ, ఈయనదీ నా పింఛనులాంటిదే అయ్యుంటే ఈరోజు హాయిగా ఇంటికి పోయేవాడు అన్నాడు. కోట అమ్మాయి కూర్చున్న చోటు నుంచే అందుకుంది, మైకు లేకుండానే. "ఆపినోడు ఎవురో తెలుసు గనక పొయ్యి అడిగినాం. మార్కెట్టు ఆపితే ఎవురి ఆఫీసుకు పొయ్యి అడగాల?" సన్మాన సభ కాస్తా మళ్ళీ మా వరండా అయిపోయింది. అరగంట దాకా నన్నెవరూ పట్టించుకోలేదు. అంత సంతోషంగా నేను ఏ సభలోనూ కూర్చోలేదు.

నా మీద విచారణ ఏడాదిన్నర సాగింది, చివరికి మందలింపుతో ముగిసింది. మెమోకు జవాబులన్నీ నాకు రాసిపెట్టింది అకౌంట్సు గుమాస్తానే. మా అన్న మాట ప్రకారం బియ్యం పంపించాడు, ప్రతి బస్తాతో పాటు ఒక దెప్పిపొడుపు కూడా.

అది ఇంకా ముగియకముందే పెద్దామె రిటైరయింది. వీడ్కోలు సభకు నన్ను పిలిచారు, వెనక వరుసలో కూర్చున్నాను. పింఛను ఉత్తర్వు అదే రోజు చేతికి వచ్చింది. ఆమెకు కంటి ఆపరేషను అయి వారమైనా కాలేదు, అక్షరాలు ఆనలేదు. కాగితం పట్టుకుని జనం మధ్య నుంచి నా దగ్గరికి వచ్చింది. మీదేమైంది అన్నా, వచ్చిందా అని అడిగింది. ఇంకా లేదమ్మా అన్నాను. ఒక్క క్షణం ఆ కాగితాన్ని వెనక్కి తీసుకోబోయింది. నేనే అందుకున్నాను.

పేరు, ఉపకేంద్రం, చేరిన తేదీ అన్నీ చదివాను. చివరి వరుస దగ్గరికి వచ్చేసరికి ఒకసారి ఆగి, అందరికీ వినబడేట్టు గొంతు పెంచి చదివాను. "పై పింఛను వీరు జీవించి ఉన్నంతకాలం చెల్లించబడును."

ఇంకోసారి చదవమంది. చదివాను.